కదపకూడని ట్రేలు

ఫిలిప్పీన్స్‌లోని లగూనాలో, నేను పనిచేసే కొబ్బరి ఫ్యాక్టరీలో, నాటా డి కోకో అనే జెల్లీ లాంటి తినుబండారం తయారయ్యే గది ఒకటి ఉంది. అందులోకి వెళ్తే ఎవరైనా సరే మెల్లగా నడవాల్సిందే. అరల నిండా ప్లాస్టిక్ ట్రేలు, వాటి మీద మూతగా కట్టిన పాత న్యూస్‌పేపర్లు, తలుపు తీయగానే ఘాటుగా వెనిగర్ వాసన. ట్రేల్లో ఉన్నవి కొబ్బరి నీళ్లు, పంచదార, కాస్త ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌కి పులుపునిచ్చేది), పాత బ్యాచ్ నుంచి తీసిన తోడు. తోడు అన్నది నా మాటే. ఇక్కడ స్టార్టర్ అంటారు. రోజూ పాలు తోడుపెట్టే ఇంట్లో పుట్టినవాడిని, నాకు వేరే మాట తోచదు.

ఆ తోడులో ఉండేది వెనిగర్ జాతి బ్యాక్టీరియానే. పాత పుస్తకాల్లో అసిటోబాక్టర్ జైలినం అని ఉంటుంది, ఇప్పుడు కొమగటైబాక్టర్ అంటున్నారు. వెనిగర్ మీద తేలే జిగురు పొర సెల్యులోజేనని 1886లోనే ఏడ్రియన్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అంటే పత్తిలో ఉండే పదార్థమే. ఈ బ్యాక్టీరియాకి గాలి కావాలి. అందుకని నీటిపైకి చేరి, తిన్న చక్కెరనే కంటికి కనపడనంత సన్నటి దారంగా వడికి, ఆ అల్లికనే తెప్పగా చేసుకుని తేలుతుంది. బండారులంక మగ్గాలు చూస్తూ పెరిగిన నాకు ఈ నేత ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

వారం పది రోజులకు వేలి మందాన తెల్లటి పలక తయారవుతుంది. చేతిలోకి తీసుకుంటే తాటి ముంజెలా చల్లగా జారిపోతుంది. 90 శాతానికి పైగా నీళ్లే అయినా, గట్టిగా లాగినా చిరగదు. దాన్ని ముక్కలు కోసి, పులుపు పోయేదాకా కడిగి, ఉడికించి, పాకంలో వేస్తే నాటా డి కోకో. నాటా అంటే స్పానిష్‌లో మీగడ.

వచ్చిన మొదటి నెలలో, కింద ఊడ్వాలని నాలుగో రోజు ట్రేలని పక్క అరలోకి మార్చాను. కోత రోజున పలకలు రెండు పొరలుగా విడిపోయి వచ్చాయి. మా సూపర్‌వైజర్‌ని అందరం ఆతె అంటాం, అంటే అక్క. ఆవిడ ఒక పలకని కత్తితో నిలువుగా కోసి, మధ్యలో ఉన్న సందు చూపించింది. కుదిపినప్పుడు పాత పొర మునిగిపోయింది, పైన గాలి తగిలే చోట బ్యాక్టీరియా కొత్త పొర మొదలుపెట్టింది. "హువాగ్ గలవిన్" అంది, కదపొద్దని. ఇక్కడి టగలోగ్ భాషలో నేను నేర్చుకున్న మొదటి వాక్యం అదే.

పైనాపిల్‌తో నాటా చేయడం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. 1949లో తెయోదులా కలావ్ ఆఫ్రికా అనే రసాయన శాస్త్రవేత్త, కొబ్బరితో చేసే పద్ధతి కనిపెట్టింది. 1990ల మొదట్లో జపాన్‌లో గిరాకీ ఒక్కసారిగా పెరిగితే ఇక్కడి ఇళ్లలో కూడా ట్రేలు పెట్టారు. ఇదే పొరని క్షారంతో ఉడికించి శుభ్రం చేసి, బ్రెజిల్‌లో 1980లలోనే కాలిన గాయాల మీద కప్పారు. సోనీ వాళ్లు హెడ్‌ఫోన్లలో కంపించి శబ్దం పుట్టించే పొరగా వాడారు. తినే ముక్క ఇన్ని పనులకి పనికొస్తుందని తెలిసినప్పటి నుంచి, పారబోసిన ప్రతి చెంబుడు కొబ్బరి నీళ్లు నాకు కళ్లముందు కనిపిస్తూనే ఉన్నాయి.

ఎందుకంటే మాది అంబాజీపేట దగ్గర. ఎండుకొబ్బరికి కాయ కొట్టినప్పుడల్లా నీళ్లు కాలవలోకే పోయేవి. మొన్న నాన్నకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను.

"ఆ నీళ్లు సాయంత్రానికే పులిసిపోతాయి గదరా?"

"తెల్లారేసరికి మరిగించి తోడేస్తే చాలు నాన్నా. పులుపు మనకి ఎలాగూ కావాల్సిందే."

"మరి తోడెక్కడ దొరుకుద్ది?"

కేరళలో ఆలువ దగ్గర కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ల సంస్థ ఉందని, నాటా చేయడం అక్కడ నేర్పుతారని చెప్పాను. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, రాజమండ్రి నుంచి ఆలువకి నేరుగా రైలుందేమో చూడమన్నాడు.