ఐదు డాలర్ల పనికి నాలుగే

"అన్నా, తెలుగంతా ప్రశ్నార్థకాలే కనిపిస్తున్నాయట, క్లయింట్ డబ్బులివ్వనంటున్నాడు." ఇందాక అమీర్‌పేట హాస్టల్ నుంచి ఓ డిగ్రీ కుర్రాడి ఫోన్.

అనువాదం చక్కగా చేశాడు. సబ్‌టైటిల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) సేవ్ చేశాడంతే. అందులో తెలుగు నిలవదు, పోయిన అక్షరాలు తిరిగి రావు. ప్రాణం ఉసూరుమంది.

సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి. పంపేముందు వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియోతో కలిపి ఒకసారి చూడండి.

ఇలాంటి ఆన్‌లైన్ పనులు దొరికే ఫైవర్ వెబ్‌సైట్‌లో కమిషన్ 20 శాతం. ఐదు డాలర్ల పనికి చేతికొచ్చేది నాలుగే. అదీ ఆర్డర్ పూర్తయ్యాక కొత్తవాళ్లు 14 రోజులు ఆగాలి. ఈ నెల హాస్టల్ ఫీజుకి దీన్ని నమ్ముకోవద్దు.

పనివ్వకముందే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగారా, అక్కడే ఆపేయండి. కట్టేసుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే డబ్బు ఖాతాలు దాటిపోతుంది.