తేదీ రాసిచ్చి మళ్లీ రమ్మన్నారు, అందుకే డిప్రెషన్ నుంచి బయటపడ్డాను

డాక్టర్ దగ్గరికి నేనెప్పుడూ మనసు బాగాలేదని చెప్పి వెళ్లలేదు. మెడ నొప్పి, కడుపులో మంట, తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వచ్చేసి ఇక నిద్ర పట్టకపోవడం, నేను చెప్పుకున్నవి ఇవే. 6 నెలల్లో 4 సార్లు వెళ్లుంటాను. ప్రతిసారీ నొప్పికో మాత్ర, గ్యాస్‌కో మాత్ర, చివర్లో "రిపోర్టులన్నీ నార్మల్, మీకేమీ లేదు" అనే మాట. ఆ మాట వింటే ఎవరికైనా ఊరట కలగాలి, నాకు మాత్రం బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఏడుపు ఆగలేదు. ఏమీ లేకపోతే మరి నాకెందుకిలా ఉంది?

అయిదోసారి వేరే డాక్టర్ గారు చూశారు. ఆవిడా మానసిక వైద్యురాలు కాదు, జ్వరాలకీ బీపీకీ అందరూ వెళ్లే మామూలు డాక్టరే. పాత రిపోర్టులు తిరగేసి పక్కన పెట్టి, ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, మనసు కుంగినట్టుందా అని అడిగారు, అంతే. నాకు గొంతు పట్టేసింది. ఆవిడ తొందరపెట్టలేదు, కాసేపాగి ఒక కాగితం చేతికిచ్చారు.

దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు, డిప్రెషన్ ఎంత ఉందో చూసే ప్రశ్నల కాగితం. 9 ప్రశ్నలు, "అస్సలు లేదు" అంటే 0, "దాదాపు రోజూ" అంటే 3, మొత్తం 27. ఎంత ఎక్కువ వస్తే కుంగుబాటు అంత ఎక్కువని. మొదటి ఎనిమిదీ గబగబా నింపేశాను. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండు అనిపించిందా అని. పెన్ను "కొన్ని రోజులు" దగ్గర పెట్టి, తీసేసి, "అస్సలు లేదు" దగ్గర టిక్ పెట్టి, దాన్ని కొట్టేసి మళ్లీ వెనక్కి వచ్చాను. ఆవిడ మార్కుల కంటే ముందు ఆ కొట్టివేతనే చూశారు. ఎలా చనిపోవాలని ఎప్పుడైనా ఆలోచించారా అని సూటిగా అడిగారు. లేదండీ, నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తుంది అన్నాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు అప్పటిదాకా. డాక్టర్ గారు మా ఆవిడని లోపలికి పిలిచి, ఆలోచనలు ఎక్కువైతే ఆ క్షణమే ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరికీ కలిపి చెప్పారు. (అడిగితే లేని ఆలోచన పుట్టిస్తుందేమోనని చాలామంది భయపడతారు. నాకైతే అడిగాక బరువు దిగింది.)

స్కోరు 17 వచ్చింది. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాగే నీరసంగా ఉండొచ్చని ఆ పరీక్షలు కూడా చేయించి, సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు 50 మి.గ్రా. మొదలుపెట్టారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, మొదట్లో వికారం ఉండొచ్చు అని ముందే చెప్పారు. చెప్పినా సరే, ఏడో రోజుకి కడుపులో తిప్పడం భరించలేక మానేశాను. ఎవరికీ చెప్పలేదు. వైద్యం అక్కడితో ఆగిపోయేదే, పదో రోజు క్లినిక్ నుంచి సిస్టర్ ఫోన్ చేయకపోయి ఉంటే.

ఆవిడ "మాత్రలు వేసుకుంటున్నారా" అని అడగలేదు. అలా అడిగితే "ఆ, వేసుకుంటున్నా" అనేసేవాణ్ణి. "ఈ పది రోజుల్లో ఎన్ని రోజులు వేసుకోలేకపోయారు?" అని అడిగారు. మూడు రోజులు అని నిజం వచ్చేసింది. డాక్టర్ గారితో మాట్లాడి సగం డోసుతో, తిన్న తర్వాత వేసుకునేలా మళ్లీ మొదలుపెట్టించారు. వచ్చే వారం ఫలానా రోజు రండి అని తేదీ రాసిచ్చారు. వెళ్లిన ప్రతిసారీ అదే కాగితం నింపాను: 17, 14, 9, ఆ తర్వాత 4. మధ్యలో రోజుకో చిన్న పని రాసుకుని, మూడ్ వచ్చేదాకా ఆగకుండా చేయమనేవారు. పది నిమిషాల నడకే ఒక్కోరోజు కొండెక్కినంత అయ్యేది.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఇంపాక్ట్ అనే అధ్యయనం 2002లో వచ్చింది. 18 మామూలు క్లినిక్‌లలో డిప్రెషన్ ఉన్న, 60 ఏళ్లు దాటిన 1,801 మందిని చూశారు. ఒక మనిషి ప్రత్యేకంగా వెంటపడి కనుక్కుంటూ, వెనక ఒక సైకియాట్రిస్ట్ సలహా ఇస్తూ ఉంటే, ఏడాదికి లక్షణాలు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గినవాళ్లు 45 శాతం, మామూలు వైద్యంలో 19 శాతం. అందులో కొత్త మందేమీ లేదు.

బాగయ్యాక నా టెన్షన్ ఇంకోటి, మందు ఎప్పుడు ఆపాలి? కోలుకున్నాక కనీసం 6 నెలలైనా వాడాలి, ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కాదు, మెల్లగా తగ్గించాలి అన్నారు. 2021లో బ్రిటన్‌లో వచ్చిన అధ్యయనం గురించి కూడా చెప్పారు. చాలాకాలంగా మందు వాడుతూ, ఇక ఆపేయగలం అనుకున్న 478 మంది. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది ఆపినవాళ్లలో 56 శాతానికి, కొనసాగించినవాళ్లలో 39 శాతానికి. అంటే ఆపినా బాగానే ఉన్నవాళ్లూ చాలామందే, కాబట్టి కలిసి ఆలోచించి నిర్ణయిద్దాం అన్నారు. ఆ 478 మందీ నాలాగే మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆ అధ్యయనంలో చేరతామని వాళ్లు సంతకం పెట్టకపోతే నా ప్రశ్నకి ఈ జవాబు ఉండేది కాదు.

అందుకే మా క్లినిక్‌లో ఫోన్ ఫాలో అప్ మీద పరిశోధన చేస్తున్నాం, చేరతారా అని అడిగితే, మొదట మన మీద ప్రయోగాలేంటి అనిపించినా, వాళ్లిచ్చిన సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకుని రెండుసార్లు చదివాను. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నా నా వైద్యం ఆగదు అని రాసుంది. సంతకం పెట్టాను.

మొన్న ఆ పరిశోధన కోసం ఒక అమ్మాయి చేసిన ఇంటర్వ్యూలో ఏం మారితే బాగుంటుందో చెప్పమన్నారు. తేదీ రాసివ్వకుండా ఎవరినీ పంపొద్దన్నాను. ఇంకోటి, "మీకేమీ లేదు" అనే మాట మానేసి, "ఈ పరీక్షల్లో ఏమీ కనపడలేదు, ఇంకా అడగాల్సినవి ఉన్నాయి, కూర్చోండి" అనమన్నాను. ఆ అమ్మాయి రాసుకుంటూ, ఆ రెండో మాట ఇంకోసారి చెప్పండి అంది.