జీబీఎస్, నా చేతులు, నిజాం పేరున్న విమానం

2025 జనవరిలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరిగాక గులియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్) అనే నరాల జబ్బు పేరు తెలుగు పత్రికల మొదటి పేజీల్లోకి వచ్చింది. నాకు ఆ జబ్బు అంతకు ముందే వచ్చింది. అప్పటికి మా ఇంట్లో ఎవరమూ ఆ పేరు విని ఉండలేదు. ఇప్పుడు మా బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరికి కాళ్లు తిమ్మిరెక్కినా ముందు నాకు ఫోను చేస్తున్నారు. వాళ్లకు చెప్పేదంతా ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను. ఇందులో ఒక పాత యుద్ధ విమానం నమూనా గురించి కూడా చాలా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి నా చేతుల సంగతి చెప్పడం నా వల్ల కాదు.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మొదట విరేచనాలు పట్టుకున్నాయి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోయాయి. ఆ తర్వాత వారం పది రోజులకు అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. మర్నాడు మెట్లు దిగుతుంటే మోకాళ్లు నిలవలేదు. ఆ సాయంత్రానికే సుద్దముక్క పట్టుకున్న చెయ్యి బోర్డు పైభాగం దాకా లేవలేదు. నడుంలో భరించలేని నొప్పి. రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్లాం.

అక్కడి వైద్యురాలు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టారు. కాలు కదలలేదు. రెండోసారి తట్టారు. అప్పుడూ కదలలేదు. ఆ తర్వాత ఆవిడ అడిగింది కాళ్ల గురించి కాదు. "ఒక్క ఊపిరిలో ఎంత వరకు లెక్కపెట్టగలరో పైకి లెక్కపెట్టండి" అన్నారు. నేను ఆగిపోయిన అంకె విని, ఎక్కడున్న మంచాన్ని అక్కడి నుంచే ఐసీయూకి తోయించారు. ఈ జబ్బు కాళ్ల నుంచి పైకి పాకుతుంది, ఛాతీ కండరాల దాకా వస్తే ఊపిరి అందదు. రోగుల్లో నూటికి ఇరవై ముప్ఫై మందికి వెంటిలేటర్ అవసరమవుతుంది. నాకు ఆ అవసరం రాలేదు, అయితే ఆ అంచు దాకా వెళ్లొచ్చాను. ముందే కనిపెట్టిన ఆ వైద్యురాలికి నేను ఎంత చెప్పుకున్నా తక్కువే.

నరాల్లో విద్యుత్ సంకేతం ఎంత వేగంగా వెళుతోందో చూసే పరీక్ష చేశారు. వెన్నులోంచి నీరు తీశారు. అందులో ప్రోటీను పెరిగింది, కణాలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. దాంతో జబ్బు ఖాయమైంది. జరిగిందేమిటంటే, కడుపులో చేరిన క్రిమి మీద పోరాడటానికి శరీరం ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారు చేసుకుంది. కాంపిలోబాక్టర్ లాంటి కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఉండే అణువులు మన నరాల మీది అణువులను పోలి ఉంటాయట. క్రిమి పోయాక ఆ ప్రతిరక్షకాలు నరాల మీద పడ్డాయి. నరం చుట్టూ ఉండే మైలిన్ తొడుగు దెబ్బతింటే మెదడు పంపిన ఆజ్ఞ దారిలోనే ఆగిపోతుంది. కండరం బాగానే ఉంటుంది, మెదడూ బాగానే ఉంటుంది, వేలు మాత్రం లేవదు.

చికిత్స ఇమ్యూనోగ్లోబులిన్, అంటే ఆరోగ్యవంతుల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. నా 70 కిలోల బరువుకు మొత్తం 140 గ్రాములు. ఖర్చు లక్షల్లో అయింది. ఆ మందు వేలమంది దానం చేసిన ప్లాస్మాను కలిపి తయారు చేస్తారని తెలిసినప్పుడు, పైన వేలాడుతున్న సీసా వైపు చూసి, వాళ్లెవరో తెలియకపోయినా మనసులోనే దండం పెట్టుకున్నాను. చేతులు జోడించే వీలు లేదు.

తర్వాతి రోజులు చాలా కష్టంగా గడిచాయి. కనురెప్పలు పూర్తిగా మూతపడేవి కావు. రాత్రిళ్లు నర్సులు కళ్లలో మందు పెట్టి, పైన టేపు అంటించేవారు. చూడటానికి వచ్చినవాళ్లందరూ ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్లారు. వాళ్లు ప్రేమతోనే చెప్పారు. కానీ ఆ మాట రోగి మీద మోయలేని బరువు పెడుతుంది. వేలు కదలకపోతే ధైర్యం చాలలేదేమోనని నన్ను నేనే నిలదీసుకునేవాణ్ణి. నన్ను కుదుటపరిచింది మా అమ్మాయి ఫోనులో చదివి వినిపించిన ఒక పాత సంగతి. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఫ్రాన్స్ సైన్యంలో పనిచేస్తున్న గులియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు వైద్యులు ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బును గుర్తించి వివరించారు. వెన్ను నీటిలో ప్రోటీను పెరిగి కణాలు పెరగకపోవడాన్ని పట్టుకున్నది వాళ్లే. ఆ ఇద్దరు సైనికులూ కోలుకున్నారు. ఇమ్యూనోగ్లోబులిన్ లేని రోజుల్లో, యుద్ధం మధ్యలో వాళ్లు లేచి నిలబడ్డారు.

"నాన్నా, మన బీరువాలో ఉన్న విమానం కూడా ఆ యుద్ధానిదే కదా?" అంది.

ఆ యుద్ధానిదే. చిన్నప్పటి నుంచి ప్లాస్టిక్ విమానాలు కట్టడం నాకు ఇష్టం. బీరువాలో సీలు విప్పకుండా దాచుకున్న కిట్టు డీ హావిలాండ్ డీహెచ్ 9ఏ, 1918 నాటి రెండు రెక్కల బాంబర్, అంటే ఒకదాని పైన ఒకటిగా రెండు అంతస్తుల రెక్కలున్నది. 1/48 స్కేలు, అసలు విమానంలో 48వ వంతు. దాన్ని కొనడానికి ఒకే కారణం, దాని పక్కన రాసి ఉండే హైదరాబాదు పేరు. బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు మొదట వచ్చిన విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో సమకూరాయి. అందుకే అది హైదరాబాద్ స్క్వాడ్రన్ అయింది. నిజాం కానుక అని తెలిపే అక్షరాలు ఆ విమానాల మీద రాసేవారు. 1918 సెప్టెంబరు మొదట్లో ఆ దళం ఫ్రాన్స్ చేరి, నాన్సీ నగరానికి దక్షిణాన బెటన్‌కూర్ నుంచి పగటిపూట జర్మనీ పట్టణాల మీద దాడులకు వెళ్లేది. చాలా మంది తిరిగి రాలేదు.

వాటిలో ఒక్కటి నేటికీ మిగిలి ఉంది. ఎఫ్1010 అనే ఆ విమానం 1918 అక్టోబరు 5న శత్రువుల నేల మీద దిగాల్సి వచ్చింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. విమానాన్ని జర్మన్లు బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు, రెండో ప్రపంచ యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో బదులుగా ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాన్ని ఇచ్చి బ్రిటన్ దాన్ని తెచ్చుకుంది. ఇప్పుడది లండన్ హెండన్‌లోని ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో ఉంది. నేను కట్టాలనుకున్నది ఆ ఎఫ్1010నే.

ఇంటికి వచ్చేసరికి చక్రాల కుర్చీలో కూర్చోగలుగుతున్నాను. ముందు పెద్ద కండరాలు వచ్చాయి, భుజం, తొడ. వేళ్లు అన్నిటికంటే ఆఖరున. కొన్నిచోట్ల తొడుగుతో పాటు లోపలి నరపు తంతువు కూడా దెబ్బతిందని, అది తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరేనని చెప్పారు. లెక్కల మాస్టారిని కాబట్టి వెంటనే కొలిచి చూసుకున్నాను. మోచేతి నుంచి వేలి కొసకు 45 సెంటీమీటర్లు, అంటే అక్కడ తెగిన తంతువు కొసకు చేరడానికి 450 రోజులు. ఆ లెక్క విని మా ఆవిడ ముఖం వాడిపోయింది. నాకు మాత్రం అది ఊరటగా తోచింది. ఇక నన్ను నేను నిందించుకునే పని లేదు. రోజుకు ఒక మిల్లీమీటరు దానంతటది జరుగుతుంది. ఆ లోగా కండరాలు బిర్రబిగుసుకోకుండా, చేతులు పని మరిచిపోకుండా చూసుకోవడమే నా వంతు.

రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒక యువతి. మెత్తటి ముద్ద పిసకడం, చొక్కా గుండీలు పెట్టడం, పళ్లెంలోంచి శనగలు ఏరి డబ్బాలో వేయడం చేయించేది. నేను ఆ కిట్టు సంగతి చెప్పాను. పెట్టె తెప్పించుకుని, ముక్కలన్నీ చూసి, "చేద్దాం సార్, కానీ బ్లేడూ సూపర్ గ్లూ మీరు ముట్టుకోకూడదు" అంది. వేళ్లకు స్పర్శ లేదు కదా, తెగినా తెలియదు, అంటుకున్నా తెలియదు. అలసట వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలని కూడా గట్టిగా చెప్పింది. ఈ జబ్బు నుంచి లేస్తున్న కండరాలను మితిమీరి వాడితే ఉన్న బలం కూడా తగ్గుతుందట. ఫోనులో అలారం పెట్టి, అది మోగగానే మా అమ్మాయి నా ముందున్న పళ్లెం తీసేసేది.

మొదటి పని ముక్కలు కడగడం. సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్షుతో, అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి విడదీయకుండానే. తర్వాత ముక్కల్ని అమ్మాయి కత్తిరించి ఇస్తే, అంచుల్ని నేను గరుకు కాగితంతో రుద్దేవాణ్ణి. కాగితాన్ని చిన్న చెక్కకు అంటించి, చెక్క చుట్టూ స్పాంజి చుట్టాం, పిడికిలితో పట్టుకునే వీలుగా. బ్రష్షుకూ అంతే. పట్టు పెరిగే కొద్దీ ఆ స్పాంజిని ఒక్కొక్క పొర తీసేస్తూ వచ్చాం.

రంగు వేసే పనిలో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కాలపు బ్రిటిష్ విమానాల పైభాగానికి పీసీ10 అనే రంగు పూసేవారు. పసుపు మట్టిలో కొద్దిగా దీపపు మసి కలిపితే వచ్చేది. చూసే వెలుతురును బట్టి ఆకుపచ్చగానో గోధుమగానో కనిపిస్తుంది. రెక్కల అడుగున రంగు ఉండదు, వార్నిష్ పట్టించిన నార గుడ్డ లేత మీగడ రంగులో అలాగే కనిపించాలి. ప్లాస్టిక్ రెక్క మీద గుడ్డ కింద ఉండే రెక్క ఊచల ఆనవాళ్లు సన్నని గీతలుగా పోసి ఉంటాయి. ఒక మధ్యాహ్నం తడి ఆరిందో లేదో చూద్దామని రెక్క మీద చూపుడు వేలు పెడితే ఆ గీతలు వేలికి తెలిశాయి. కళ్లు మూసుకుని మళ్లీ రాశాను. ఒక గీత, ఖాళీ, ఇంకో గీత. మా ఆవిడను కేకేశాను. ఆవిడ వంటింట్లోంచి భయపడి పరుగెత్తుకొచ్చి, "ఏమైందండీ?" అంది. వేలు చూపించి చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

తర్వాత పక్కన అక్షరాలు. డెకాల్ (అక్షరాలు అచ్చేసిన) కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, తడిపిన చోట పెట్టి, అక్షరాల పొరను మాత్రం మెల్లగా పక్కకు జరపాలి. మడత పడితే ఆ పొర ఇక పనికి రాదు. అది చేసిన రోజు ట్వీజర్లు నా చేతిలో నిలిచాయి. హైదరాబాద్ అనే మాట వంకర లేకుండా కూర్చుంది.

అసలు పరీక్ష తీగలది. రెండు రెక్కల విమానంలో బలమంతా తీగల్లో ఉంటుంది. గాలిలో ఉన్నప్పుడు రెక్కలు పైకి వంగిపోకుండా ఆపేవి కొన్ని, నేల మీద ఉన్నప్పుడు కిందికి వాలిపోకుండా మోసేవి కొన్ని, ముందూ వెనుకా ఉన్న స్తంభాల మధ్య అడ్డంగా బిగించి రెక్క మెలితిరగకుండా చూసేవి కొన్ని. డీహెచ్ 9ఏ రెక్కల విస్తీర్ణం 14 మీటర్లు, నా బల్ల మీద 29 సెంటీమీటర్లు. ఆ కాస్త చోటులో తీగలన్నీ గుచ్చాలి. రెక్కలకు 0.3 మిల్లీమీటర్ల రంధ్రాలు అమ్మాయే వేసింది. దొరికినవాటిలో సన్నని గాలపు దారం తెచ్చాం. దారం కొసను రంధ్రంలోకి పంపడం బొటనవేలు, చూపుడు వేలు కలిసి చేయాల్సిన పని. ఆ చిటికెడు పట్టే నా చేతుల్లోకి అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. అది రానంత కాలం రెక్కలు అతికిన విమానం తీగలు లేకుండానే బల్ల మీద ఉండిపోయింది. దానికి తొందర లేదు. కిట్టు ఎన్నాళ్లయినా ఎదురు చూస్తుంది. జబ్బుపడి లేస్తున్న మనిషికి అలా ఎదురుచూసే పని ఒకటి చేతిలో ఉండటం మందుతో సమానమని నేను నమ్ముతాను.

పట్టు వచ్చాక రోజుకు ఒకటో రెండో దారాలు. ఒక కొస కింది రెక్కకు అతికించి, రెండో కొసను పై రెక్క రంధ్రంలోంచి లాగి, దానికి బట్టల క్లిప్పు వేలాడదీసి, బిగువుగా ఉండగా జిగురు చుక్క వేయించేవాణ్ణి. ఎక్కడైనా వదులైతే వెలుగుతున్న అగరబత్తిని తాకకుండా దారం పక్కగా తీసుకెళ్లాలి. నైలాన్ ఆ వేడికి ముడుచుకుని తీగలా బిగుస్తుంది. ఒక్క క్షణం ఎక్కువైతే తెగిపోతుంది. ఆ పని మొదట్లో అమ్మాయే చేసేది. ఆఖరి వైపు తీగలకు నేనే అగరబత్తి పట్టుకున్నాను.

ఇప్పుడు నడుస్తున్నాను, పాఠం చెబుతున్నాను. ఎక్కువసేపు నిలబడలేను, అందుకని కాలేజీలో బోర్డు పక్కన ఎత్తు కుర్చీ వేయించారు. కాలి వేళ్లకు స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు, చీకట్లో నడిస్తే తూలుతాను. మధ్యాహ్నానికి వచ్చే అలసట మామూలు అలసటలా ఉండదు, కూర్చుంటే పోదు, పడుకోవాలి. ఇవి ఇంకా కొన్నాళ్లు ఉండొచ్చన్నారు.

కాళ్లలో తిమ్మిరి పైకి పాకుతూ, రెండు వైపులా ఒకేలా బలం తగ్గుతుంటే తెల్లారే దాకా ఆగకండి. నరాల వైద్యులు, ఐసీయూ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. ఒక బంధువు స్టెరాయిడ్ మాత్రలు వేస్తే సరిపోతుందని మాతో వాదించారు. ఈ జబ్బులో అవి పనిచేయవని పరిశోధనల్లో తేలింది.

మా థెరపిస్టు ఇప్పుడు తన దగ్గరికి వచ్చే మరికొందరికి కిట్లు ఇద్దామనుకుంటోంది, ఏవి బాగుంటాయని నన్ను అడిగింది. పట్టు రాని వాళ్లకు రెండు రెక్కల విమానం ఇవ్వొద్దని చెప్పాను. ఒకే అంతస్తు రెక్కలున్న రెండో ప్రపంచ యుద్ధపు విమానం, 1/48 లేదా అంతకంటే పెద్దది, ముక్కలు తక్కువ ఉన్నది చూడమన్నాను. చట్రం నుంచి ముక్కలు కత్తిరించే పని ఇంట్లోవాళ్లది. జిగురు బ్రష్షుతో పూసే పల్చటి రకం కావాలి, అదీ కిటికీ తెరిచి పెట్టి వాడాలి. బ్రష్షుల పిడికి చుట్టే స్పాంజి మాత్రం కొనక్కర్లేదు, నా దగ్గర మిగిలింది ఇచ్చేశాను.