రెండు ఊళ్ల చలి
తమ్ముడికి పంజాబ్‌లో ఆర్మీ పోస్టింగ్. ఇక్కడ పలాసలో మంచు పడితే అమ్మకు జీడి పూత గురించి టెన్షన్, అక్కడ పడితే వాడి గురించి. అందుకే రోజూ వాతావరణ శాఖ సూచన చదివి వినిపిస్తున్నాను. పడమటి నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనే వాతావరణ అలజడి హిమాలయాల్లో మంచు కురిపించి వెళ్లిపోయాక, వాయవ్య గాలులు దిగి మైదానాల్లో చలి ముదురుతుందట. మబ్బు పట్టిన రాత్రి కాస్త నయం, ఆకాశం తేటపడ్డాకే అసలు చలి. నాకిది ఈ ఏడే అర్థమైంది. కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, మామూలుకన్నా 4.5 డిగ్రీలు తగ్గితే అక్కడ శీతల గాలులంటారని చెప్పాను.

“మరి వాడి దగ్గర ఎంత?”

“ఆరు.”

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. రాత్రి వాడే ఫోన్ చేశాడు: “అమ్మా, రెండు స్వెట్టర్లు వేసుకున్నాను.”