బాప్తిస్మం ఇంటర్వ్యూలో నన్ను ఆపేసిన ఒక్క ప్రశ్న

పోయిన ఆదివారం వశిష్ఠ గోదావరిలో బాప్తిస్మం తీసుకున్నాను. ఆ సంతోషం ఒకవైపు, అక్కడిదాకా రావడానికి పడిన అవమానం ఒకవైపు. రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను, ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పుట్టింటివాళ్లు లూథరన్లు. పసిపిల్లప్పుడే నాకు బాప్తిస్మం ఇప్పించారు, హైస్కూల్లో ఉండగా కన్ఫర్మేషన్ (ఆ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే ఆరాధన) అయింది. పెళ్లయి నర్సాపురం వచ్చాక అత్తగారివాళ్ల బ్రదరెన్ సంఘానికి వెళ్తున్నాను. అక్కడ నమ్మినవాళ్లకే బాప్తిస్మం, అదీ నీళ్లలో పూర్తిగా ముంచి. అది కాకపోతే ఆదివారం రొట్టె విరిచేటప్పుడు, అంటే ప్రభువు బల్లలో, మనకు భాగం ఉండదు. ఏళ్ల తరబడి వెనక వరసలో కూర్చుని, ఆ పళ్లెం నన్ను దాటి పక్కామె చేతికి వెళ్లడం చూశాను. అపొస్తలుల కార్యాలు బాగా చదువుకుని, నా అంతట నేనే బాప్తిస్మం అడిగాను. నాన్నగారు "మేం ఇప్పించింది చెల్లదా అమ్మా?" అని బాధపడ్డారు. మీరు నేర్పిన విశ్వాసాన్నే నా నోటితో ఒప్పుకుంటున్నాను నాన్నా అని చెప్తే, చివరికి సరే అన్నారు.

బైబిలు క్లాసులు హాయిగా గడిచిపోయాయి.

తర్వాత పెద్దల ఇంటర్వ్యూ. ముగ్గురు పెద్దలు, ఎదురుగా నాకో ప్లాస్టిక్ కుర్చీ. మా ఆయన్ని బయట వరండాలో కూర్చోమన్నారు. మొదట అన్నీ నాకు తెలిసినవే అడిగారు. లేఖనం దైవావేశం వల్ల కలిగిందని 2 తిమోతి 3:16 చెప్పాను. దేవుడు ఒక్కడే, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని చెప్పి మత్తయి 28:19 చూపించాను. యేసు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అనడానికి యోహాను మొదటి అధ్యాయం. అందరం పాపం చేశామనడానికి రోమా 3:23. మన శిక్ష ఆయన మీద పడిందనడానికి యెషయా 53. సమాధి నుంచి లేచాడనడానికి 1 కొరింథీ 15, మళ్లీ వస్తాడనడానికి 1 థెస్సలొనీక 4. నేను స్కూల్లో టీచర్ని, పాఠం అప్పజెప్పడం నాకు లెక్క కాదు. బైబిలు తెరవకుండానే అన్నీ చెప్పాను.

అప్పుడు మధ్యలో కూర్చున్న పెద్దాయన అడిగారు. "ఏ తేదీన రక్షింపబడ్డావమ్మా?"

నాకు అర్థం కాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ యేసు నా పాపాల కోసం చనిపోయాడని నమ్ముతున్నానండీ, ఆ నమ్మకం ఏటికేడు గట్టిపడింది అన్నాను.

"అలా కుదరదమ్మా. యోహాను 3 చదవలేదా? మళ్లీ పుట్టినవాళ్లకి పుట్టినరోజు ఉండదా? మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీకి ఉంది, 1738 మే 24. నాకూ ఉంది. మరి నీకు లేదంటే ఏమనుకోవాలి?"

నా గొంతు పూడుకుపోయింది. సిలువ గురించి, కృప గురించి చెప్పినదంతా పక్కకుపోయి, ఆ ఒక్క తేదీ దగ్గరే నన్ను నిలబెట్టేశారు. "మిషనరీల కాలం నుంచీ ఇదే పద్ధతి" అని ఇంకో మాట కూడా అన్నారు. 1836లో బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండ్ నుంచి బ్రదరెన్ మిషనరీ గ్రోవ్స్ గారితో బయల్దేరి వచ్చి, ఈ డెల్టాలో కష్టపడి సువార్త చెప్పారు. ఆ పునాది మీదే మా సంఘాలు నిలబడ్డాయి. ఆ మిషనరీలంటే నాకు ఎంతో గౌరవం. కానీ వాళ్ల పేరు చెప్పినంత మాత్రాన వాక్యంలో లేనిది వాక్యం అయిపోదు కదా.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ ఆదివారం ప్రకటనల్లో బాప్తిస్మానికి ఒప్పుకున్నవాళ్ల పేర్లు చదివి, చివర్లో నా పేరు చెప్పి, "ఈ సహోదరికి రక్షణ నిశ్చయత కలిగేలా ప్రార్థించండి" అన్నారు. ముసుగులన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. మా అత్తగారు తల వంచుకున్నారు. ఒక మనిషిని పదిమందిలో తలెత్తుకోకుండా చేయడానికి ప్రార్థనను వాడకూడదు. ఆ పెద్దాయనంటే ఇప్పటికీ నాకు మనసులో కష్టంగానే ఉంది, దాచను.

బయటికి రాగానే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏదో ఒక తేదీ చెప్పెయ్యి అమ్మాయీ, నేను ఉజ్జీవ కూడికలు జరిగిన రోజు చెప్పాను" అంది. ఆవిడ ప్రేమతోనే అంది. కానీ ఆ మాటకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. సంఘంలో చేరడానికి అబద్ధం చెప్పించే ప్రశ్న మంచి ప్రశ్న ఎలా అవుతుంది?

బైబిలు కాలేజీలో చదువుతున్న మా మరిది ధైర్యం చెప్పాడు. సువార్తిక (ఇవాంజెలికల్) విశ్వాసానికి నాలుగు గుర్తులని 1989లో డేవిడ్ బెబ్బింగ్టన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు రాశాడట. బైబిలుకు లోబడడం, సిలువే కేంద్రం కావడం, మారుమనస్సు, విశ్వాసాన్ని పనిలో చూపించడం. "మారుమనస్సు ఉండి తీరాలి వదినా, తేదీ ఉండి తీరాలని ఆయన కూడా అనలేదు" అన్నాడు. అపొస్తలుల కార్యాలు మళ్లీ చదివాను. పౌలుకు దమస్కు దారిలో, చెరసాల నాయకుడికి ఒక్క రాత్రిలో. నిజమే. మరి పౌలు శిష్యుడు తిమోతికి? 2 తిమోతి 1:5లో అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని రాసి ఉంది. 3:15లో చిన్నప్పటి నుంచీ లేఖనాలు ఎరుగుదువు అని ఉంది. అతని రక్షణ తేదీ ఎక్కడా లేదు.

అది చదవగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, చూడకుండానే లేసు అల్లుతూ నాకు యెషయా 53 కంఠతా నేర్పింది ఆవిడే. "అతడు పొందిన దెబ్బలచేత" అనే చోట సూది ఆపేసేది. నేను తప్పు లేకుండా చెప్తేనే మళ్లీ అల్లిక మొదలయ్యేది. నా విశ్వాసం ఆ వాకిట్లోనే మొలిచింది. ఏ రోజని చెప్పను?

మళ్లీ ఇంటర్వ్యూ అడిగాను. ఈసారి సంఘంలో ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టారుగారిని కూడా కూర్చోబెట్టమన్నాను. మీరూ ఇలాగే అడగండి, న్యాయం తెలిసిన ఒక్క మనిషి ఉన్నా చాలు. పెద్దాయన మళ్లీ తేదీ అడిగారు. బైబిల్లోంచి అమ్మమ్మ ఆధార్ జిరాక్స్ తీసి బల్ల మీద పెట్టాను. పుట్టినతేదీ జనవరి 1 అని ఉంది. అసలు తేదీ ఎవరికీ తెలియక ఆఫీసువాళ్లు వేసింది. "ఈవిడ పుట్టిందో లేదో మీరు ఈ తేదీ చూసి చెప్తారా, మనిషిని చూసి చెప్తారా అండీ?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. మాస్టారుగారు ఆ కాగితం నా చేతికిచ్చి, "ఈ రాత్రి ప్రభువు వస్తే దేని మీద ఆధారపడి నిలబడతావమ్మా?" అని అడిగారు. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది.

నేను చేసిన దేని మీదా కాదండీ అన్నాను. పనిచేసేవాడికి వచ్చేది జీతం, అది బాకీ తీర్చినట్టేగానీ దానం కాదని రోమా 4 చెప్తోంది. నేను జీతం అడగడం లేదు. నా పాపం ఆయన మోశాడు, ఆయన నీతి నా లెక్కలో వేశారు. నమ్మే మనసు కూడా నా సొంతం కాదు. నా బుద్ధితోగానీ బలంతోగానీ యేసును నమ్మలేను, పరిశుద్ధాత్మే నన్ను పిలిచాడని 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఎఫెసీ 2:8, 9 ప్రకారం ఇందులో అతిశయపడడానికి నాకేమీ లేదు.

మాస్టారుగారి కళ్లు తడయ్యాయి. "ఇంతకన్నా నిశ్చయత ఏం కావాలి?" అని మిగతావాళ్ల వైపు చూశారు. ఒప్పుకున్నారు.

కృపకు ఏది కలిపినా కృప పాడైపోతుంది. ఒకచోట తేదీ కలుపుతారు, ఒకచోట నగలు తీసెయ్యమంటారు, ఇంకోచోట తెల్లచీర. యేసు పక్కన సిలువ మీద ఆయన్ని నమ్ముకున్న దొంగకు ఇవేమీ లేవు. పెద్దలు మారుమనస్సు కోసం చూడాలి, ఫలాలు చూడాలి, ఇరుగుపొరుగును అడగాలి. నా విషయంలో అవేవీ అడగలేదు.

కాలువలు కట్టేసే రోజులు కాబట్టి బాప్తిస్మం నదిలో పెట్టారు. పోటు ఉన్నప్పుడే దిగాలి, పాటులో అయితే రేవు దగ్గర మోకాలిలోతు బురద. మార్చుకునే బట్టలు రెండు జతలు తీసుకెళ్లండి, మాటు కోసం ఒక దుప్పటి కూడా. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు గురించి ఎవరూ ఆలోచించరు. నాన్నగారు వచ్చి ఒడ్డున నిలబడ్డారు.

ఆ ప్రశ్న తీసెయ్యాలని సంఘానికి రాసిచ్చాను, ఇంకా జవాబు లేదు. వచ్చే నెల మా వీధిలో ఒకమ్మాయికి ఇంటర్వ్యూ ఉంది. తేదీ అడిగితే 2 తిమోతి 1:5 తెరిచి చూపించమన్నాను. వరండాలో కూర్చోమన్నా సరే, నేనూ తోడు వెళ్తున్నాను.