ఏడున్నరేళ్ల పైపుకి 31 ఏళ్లు రాశాను

నిన్న మధ్యాహ్నం నా ఎంటెక్ ప్రాజెక్టు రివ్యూ అయింది. చెవులింకా వేడిగానే ఉన్నాయి. చల్లారకముందే రాసేస్తున్నా.

నాది పి91 స్టీలు. థర్మల్ ప్లాంట్లలో ఆవిరి పైపులకు వాడతారు. బాగా వేడిలో ఉన్న స్టీలు, తక్కువ లోడు కిందైనా సరే, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సాగి చివరికి తెగుతుంది. దాన్నే క్రీప్ అంటారు. లక్ష గంటలు నిలుస్తుందో లేదో టెస్టు చేసే చూడాలంటే పదకొండేళ్లకు పైగా కూర్చోవాలి. జపాన్ వాళ్లకు ఆ ఓపిక ఉంది, ఒకే ముక్క మీద 40 ఏళ్లు దాటి టెస్టు నడిపారు. నాకు రెండేళ్లలో డిగ్రీ కావాలి. కాబట్టి వేడి పెంచి త్వరగా తెంపడం, ఆ గంటల నుంచి లార్సన్-మిల్లర్ పద్ధతిలో అసలు ఆయుష్షు లెక్కగట్టడం. 1952 నాటి పద్ధతి, చాలా సులువు: గంటల లాగ్‌కి (లాగరిథమ్‌కి) 20 కలిపి ఉష్ణోగ్రతతో గుణించాలి. ఒకే లోడుకి ఆ అంకె మారదనుకుని, తక్కువ వేడి దగ్గర ఎన్ని గంటలో వెనక్కి లెక్కగట్టాలి.

ముక్కలు లేత్ మీద వారంలో తయారయ్యాయి. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కట్టడంలో మాత్రం మా ల్యాబ్‌లో నా అంత వాడు లేడు, గొప్ప అనుకున్నా పర్లేదు. 600 దగ్గర 10 డిగ్రీలు ఎక్కువైతే ఆయుష్షు దాదాపు సగమైపోతుంది మరి. 650 డిగ్రీల దగ్గర నా ముక్క సరిగ్గా నాలుగు నెలలకు, 3,000 గంటల దగ్గర తెగింది.

లెక్క కోసం సీనియర్ ఇచ్చిన ఎక్సెల్ షీటు వాడాను. అదే లోడుకి 600 డిగ్రీల దగ్గర 2,71,000 గంటలు, అంటే 31 ఏళ్లు అని చూపించింది. స్లైడ్ మీద పెద్దక్షరాల్లో పెట్టాను.

రివ్యూకి వచ్చిన పెద్దాయన ప్లాంటులో రిటైరైన ఇంజినీరు. జేబులోంచి క్యాలిక్యులేటర్ తీసి రెండు నిమిషాలు నొక్కారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఏమయ్యా, 600కి 273 కలిపావా?”

కలపలేదు. ఈ లెక్కకి ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉండాలి, అంటే సెల్సియస్‌కి 273 కలపాలి. షీటు మొత్తం సెల్సియస్‌లోనే ఉంది. కెల్విన్‌లో చేస్తే వచ్చేది 66,000 గంటలు, ఏడున్నరేళ్లు! జవాబు వెయ్యేళ్లని వచ్చుంటే నేనే పట్టుకునేవాణ్ని. 31 ఏళ్లనేసరికి పైపుకి ఉండాల్సిన ఆయుష్షులాగే కనిపించింది.

“ఆ పైపు పక్కన మనుషులు డ్యూటీ చేస్తారు బాబూ,” అన్నారాయన. అక్కడితో ఆపలేదు. టెస్టు నడిచిన గంటలకు మూడు రెట్లు దాటి అంచనా చెప్పకూడదనే నియమం గుర్తుచేశారు. అంటే నా 3,000 గంటలతో 9,000 దాకే నోరెత్తాలి. పి91 విషయంలో ఇది మరీ ముఖ్యమట. తక్కువ కాలం టెస్టుల్లో గట్టిగా కనిపించే ఈ స్టీలు, ఏళ్లు గడిచాక లోపలి సన్నటి కణాలు మారిపోయి అనుకున్నదానికంటే ముందే బలహీనపడుతుందట. మా గైడ్ సార్ మాత్రం ఆ షీటు మొదటిసారి చూస్తున్నట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మూడుసార్లు చూసి సంతకం పెట్టింది ఆయనే!

ఎవరిచ్చిన షీటైనా ముందు ఒక్క లెక్క చేత్తో చేసి చూసుకోండి. రివ్యూకి గైడ్‌ని నమ్ముకుని మాత్రం వెళ్లకండి.

రాత్రి సీనియర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “ఒరేయ్, నా థీసిస్ లైబ్రరీలోనే ఉందా?” అని అడిగాడు.