తంబురా శ్రుతి ఎందుకు ఊగుతోంది?

బాగుచేస్తున్న క్యాసెట్ డెక్ సంగతికి ముందు యాంప్లిఫయర్ కబురు. మా వీధిలో రాత్రిపూట కరెంటు 245 వోల్టులు దాటుతోంది. దాంతో యాంప్లిఫయర్‌లోని ఈఎల్84 వాల్వుల (గాజు గొట్టాల) ఫిలమెంట్లకు, అంటే వేడెక్కే తీగలకు, 6.3 బదులు 6.8 వోల్టులు అందుతున్నాయి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని మెయిన్స్‌కు ఎదురు ఫేజులో, అంటే ఆ 12 వోల్టులు మెయిన్స్ లోంచి తీసివేతయ్యేలా కలిపాను, 6.5కి దిగింది. దాని గొడవ తీరింది.

నా ప్రాణం తీస్తున్నది క్యాసెట్ డెక్. బెల్టు కొత్తది, పించ్ రోలర్ (టేపును క్యాప్‌స్టన్‌కు అదిమే రబ్బరు చక్రం) కొత్తది, క్యాప్‌స్టన్ (టేపును లాగే సన్నటి ఇరుసు) మీద మరక లేదు. వెయిటెడ్ ఫ్లట్టర్ (టేపు వేగంలోని ఊగు, చెవికి తోచే మేరకు లెక్కేసింది) 0.11 శాతం. ఈ వయసు డెక్‌కు ఆ అంకె చూస్తే ఎవరైనా మూత బిగించేస్తారు. కానీ తంబురా శ్రుతి పెడితే షడ్జమం, పంచమం రెండూ మెల్లగా ఊగుతున్నాయి! వెయిటింగ్ లెక్క 4 హెర్ట్జ్ దగ్గరి ఊగుకే పెద్ద పీట వేస్తుంది, నెమ్మది ఊగును దాదాపు వదిలేస్తుంది. అది తీసేసి కొలిస్తే 0.34. బ్రోషర్లలో వెయిటెడ్ అంకె ఒక్కటే వేసే కంపెనీలంటే నాకు మొదటినుంచీ గురి లేదు.

స్నేహితుడి మూడు హెడ్ల డెక్‌లో టీడీకే ఎస్‌ఏ 60 క్యాసెట్ మీద 3150 హెర్ట్జ్ స్వరం ఒక్కటే నింపి, ఇక్కడ వాయించి, ఊగు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో కంప్యూటర్‌లో విడగొట్టాను. (క్రోమ్ తరహా టేపులైన టైప్ 2లో ఇప్పటికీ నా ఓటు ఎస్‌ఏకే.) టేపు వేగం సెకనుకు 47.6 మిల్లీమీటర్లు. క్యాప్‌స్టన్ వ్యాసం 2.5 మి.మీ. కాబట్టి చుట్టుకొక ఊగు లెక్కన దాని దోషమైతే 6 హెర్ట్జ్ దగ్గర కనపడాలి. 13 మి.మీ. పించ్ రోలర్‌దైతే 1.17 దగ్గర. రెండు చోట్లా చెప్పుకోదగ్గదేమీ లేదు. ఊగు అన్నిటికన్నా ఎక్కువున్న చోటు, అంటే పెద్ద శిఖరం, టేపు మొదట్లో 0.3 హెర్ట్జ్ దగ్గర ఉంది, చివరికి 0.69కి జరిగింది. వెయిటెడ్ అంకె కూడా అక్కడ 0.16కి పెరిగింది.

టేపు చుట్టుకునే రీలు మొదట్లో వేగంగా తిరిగి, నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. ఇది సరిగ్గా దానికి తలకిందులు. అంటే దొంగ టేపు వదిలే రీలు దగ్గర ఉన్నాడు. రీలు వ్యాసం నిండుగా 50 మి.మీ., ఖాళీగా 22 మి.మీ. వేసి లెక్క కడితే అవే 0.3, 0.69 వస్తాయి.

టేపు వదిలే రీలు కూర్చునే ఎడమ స్పిండిల్ కింద వెనక్కి బిగువు పట్టే ఫెల్ట్ ముక్క నున్నగా అరిగి గట్టిపడింది. ఆల్కహాల్‌తో తుడిస్తే మార్పు లేదు. దాన్ని నొక్కే స్ప్రింగ్ తీసేస్తే శిఖరం సగానికి పడింది, కానీ టేపు వదులై ఎడమ ఛానెల్ మసకబారింది. మరి మిగతా సగం? క్యాసెట్ డొల్ల మార్చినా అంతే. స్పిండిల్ ఇరుసు మీది పాత గ్రీజు ఒక పక్కే గడ్డకట్టిందని ఒక అనుమానం. ఇరుసే వెంట్రుకవాసి వంగిందని ఇంకొకటి. వంకర కొలిచే డయల్ గేజ్ దొరికితే రెండోది తేలిపోతుంది.

ఫెల్ట్ కోసం హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. బెల్టులు కట్టలకొద్దీ ఉన్నాయి, అదీ గుండ్రటివీ చదరపువీ కలిపిన పొట్లాలు. వాటిలో ఒక్కటీ కొలతకు సరిపోదు, కొనకండి. ఫెల్ట్ మాత్రం లేదు. హార్మోనియం బాగుచేసేవాళ్ల దగ్గర 1 మి.మీ. మందంలో దొరుకుతుందట, ఈ వారం అడగాలి. ఆదివారం ఎర్రగడ్డ సంతకు కూడా వెళ్తాను. ఎడమ స్పిండిల్ బాగున్న పాడైన డెక్ ఏదైనా కనిపిస్తే దాని కోసమే తెచ్చేస్తాను. స్పూల్ రికార్డర్ (పెద్ద రీళ్ల టేపు యంత్రం) కంటపడితే మాత్రం ఈ డెక్ ఇంకో నెల ఆగాల్సిందే.